రెండు వేళ్ళ సందు

పొద్దున్నే ఏడింటికి పడవాయన కుక్కకి జాకెట్ తొడుగుతాడు. ముందు కాళ్ళు ఒక్కొక్కటే దూర్చి, పొట్ట కింద పట్టీ బిగించి, పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు పెట్టి చూస్తాడు. వేళ్ళు పట్టకపోతే కుక్కకి ఊపిరాడదు. మూడో వేలు కూడా పట్టిందంటే నీళ్ళలో జాకెట్ పైకీ కుక్క కిందికీ పోతాయి. తర్వాత వీపు మీది పిడి పట్టుకుని కుక్కని బెత్తెడు పైకెత్తి చూసి దించుతాడు. అది నీళ్ళలో పడితే పైకి లాగడానికి ఆ పిడే ఆధారం. అన్నీ అయ్యాక మెడ గొలుసు విప్పి మేకుకి తగిలిస్తాడు. వెనకటి కుక్కని భద్రంగా ఉంటుందని పడవకే కట్టేశాడట. ఒకసారి పడవ తిరగబడితే మనుషులంతా ఈదుకుంటూ గట్టెక్కారు, అది ఎక్కలేదు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తడు గానీ, గొలుసు మేకుకి తగిలించేటప్పుడు మాత్రం రోజూ కాసేపు ఆగుతాడు.

ఇదంతా ఆయన భార్య వంటింటి గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని చూస్తుంది. టీ చల్లారిపోతుంది, ఆమె కడుపు మాత్రం రోజూ మండుతుంది.

ఆయన దాన్ని 'బంగారం' అంటాడు. ఆమెని 'ఇదిగో' అంటాడు. పెళ్ళయి ఆరేళ్ళు, కుక్క వచ్చి నాలుగేళ్ళు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? దాని నీళ్ళ గిన్నె వేరు, సరస్సు నీళ్ళు తాగితే కడుపు పాడవుతుందని. పడవలో దాని కాళ్ళ కింద జారకుండా పీచు చాప, ఎండకి పైన గుడ్డ పందిరి. సాయంత్రం ఇంటికి రాగానే మంచినీళ్ళతో దానికి స్నానం, చెవులు తుడవడం. ఆమెకి జ్వరమొస్తే మాత్రం, 'మాత్ర వేసుకున్నావా' అని వరండాలోంచే అడుగుతాడు. మనిషి చెడ్డవాడు కాదు, అడిగాడు కదా అని సరిపెట్టుకుందామంటే కుక్క అడ్డమొస్తుంది. పక్కింటివాళ్ళతో ఆమె దాన్ని 'మా సవతి' అంటుంది. వాళ్ళు నవ్వుతారు, ఆమె నవ్వదు.

ఇంకో విచిత్రం, ఆ సవతికి జాకెట్లు కుట్టేది కూడా ఆమే. రేవులో కుక్కలున్న వాళ్ళందరికీ ఆమే కుడుతుంది. లోపల తేలే నురుగు పలకలు, పైన దూరానికి కనబడే నారింజ రంగు గుడ్డ, వీపు మీద పిడి. ఆమె కుట్టిన పిడి ఊడిన దాఖలా లేదు.

ఇన్నేళ్ళలో ఆమె పడవెక్కింది లేదు. నీళ్ళని చూస్తే కళ్ళు తిరుగుతాయని చెబుతుంది. అసలు కారణం వేరు. ఆ సరస్సు మీద కుళ్ళుకి బరువుంటుంది. పడవలో ఎవరికైనా కుళ్ళు పుడితే వాళ్ళున్న వైపుకి పడవ ఒరుగుతుంది. గాలివాటంలాగా అదీ ఒకటి, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. పడవ ఒరిగినప్పుడు పడవాయన ఇంజను తగ్గించి, "ఎవరిదో గానీ దించుకోండమ్మా" అంటాడు. దించుకోవడమంటే పైకి చెప్పెయ్యడమే. 'మా తమ్ముడికి నా కంటే ముందు ప్రమోషన్ వచ్చింది' అనో, 'ఆవిడ జుట్టు చూడలేకపోతున్నాను' అనో చెప్పగానే పడవ తిన్నబడుతుంది. నవ్వకూడదు, విన్నది గట్టు దాటించకూడదు, అదీ అక్కడి రివాజు. తనది దించుకోవాలంటే మొగుడి ముందే దించుకోవాలి కదా అని ఆమె గట్టునే ఉండిపోయింది.

కుక్క పాత జాకెట్ చిరిగిందని ఆయన కొత్తది కుట్టమన్నాడు. కొలతలిస్తూ, "దీనికి ఛాతీ కాస్త పెరిగింది, చూశావా?" అని మురిసిపోయాడు. నాలుగేళ్ళలో ఆమె చిక్కి సగమైంది. అది ఆయన కళ్ళకి ఆనలేదు.

ఆమె అన్నీ శ్రద్ధగా కుట్టింది. పొట్ట పట్టీకి మూడు వరసలు వేసింది. పిడి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. కచ్చా కుట్టు నాలుగు పోగులు వేసి దారం తెంపేసింది. రేపు గట్టిగా కుడదాంలే అని తనకి తనే చెప్పుకుంది. ఆ మాట అబద్ధమని చెప్పుకునేటప్పుడే తెలుసు.

మర్నాడు పొద్దున్న ఆయన కొత్త జాకెట్ తొడిగాడు. రెండు వేళ్ళు పెట్టి చూశాడు. పిడి పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని కుక్కని ఒకసారి నిమిరాడు.

"ఎత్తి చూడరా?" అంది ఆమె గుమ్మంలోంచి.

"ఎందుకూ, నువ్వు కుట్టిందేగా" అని ఆయన గొలుసు మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు.

ఆరేళ్ళకి ఒక్క మంచిమాట అన్నాడు, అదీ ఇవాళే అనాలా? టీ గ్లాసు వంటగట్టు మీద పెట్టి, సూదీ దారం చేతబట్టుకుని రేవుకి పరిగెత్తింది.

పడవ బయల్దేరబోతోంది. అవతలి ఒడ్డు ఆస్పత్రికి వెళ్ళే నర్సమ్మా, లెక్కల మాస్టారూ కూర్చుని ఉన్నారు. చుక్కాని పక్కనే ఎడమవైపు, చాప మీద కుక్క.

"ఒక్క నిమిషం, ఆ జాకెట్ ఇలా ఇవ్వండి" అంది ఆమె రొప్పుతూ.

"ఆస్పత్రికి టైమవుతోంది నర్సమ్మకి. ఎక్కు, పడవలో చూసుకుందువు గాని" అంటూ ఆయన ఒక లైఫ్ జాకెట్ ఆమె చేతికిచ్చి ఇంజను లాగాడు. ఆమె దాన్ని భుజాల మీద వేసుకుంది గానీ పట్టీలు పెట్టుకోలేదు. పోయి కుక్క పక్కన కూర్చుంది.

కూర్చోగానే పడవ ఎడమకి ఒరిగింది.

"ఎవరిదో గానీ దించుకోండమ్మా" అన్నాడు పడవాయన, రోజూ అన్నట్టే.

"నాదే అయ్యుంటుంది" అంది నర్సమ్మ. "మా తోటికోడలి గదికి రెండు కిటికీలు, నా గదికి ఒక్కటే." పడవ రవ్వంత లేచి ఆగిపోయింది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. "సైన్సు మాస్టారుకి పిల్లలు పుట్టినరోజు కార్డు ఇచ్చారు. నాకెవరూ ఇవ్వలేదు." ఇంకో రవ్వంత లేచింది. అయినా ఎడమ అంచు నీళ్ళకి జానెడు దూరంలోనే ఉంది.

పడవాయన ఒక చేత్తో చుక్కాని పట్టుకుని వంగి, కుక్క మీద ఎండ పడకుండా గుడ్డ సర్దాడు. "భయం లేదు బంగారం" అన్నాడు. పక్కనే చెమటలు కారుతూ పెళ్ళాం కూర్చుని ఉంది.

అంతే, పడవ ఇంకో బెత్తెడు ఒరిగింది. చాప జారింది. చాపతో పాటు కుక్క నీళ్ళలోకి జారిపోయింది.

ఆయన వెంటనే ఇంజను ఆపేశాడు. వెనక తిరిగే రెక్క తగిలితే జాకెట్ ఏం కాపాడుతుంది? నీళ్ళలోకి దూకలేదు. దూకితే పడవలో వాళ్ళకి దిక్కెవరు? అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని నెమ్మదిగా, ఆట మధ్యలో పిలిచినట్టు పిలిచాడు. కుక్క నారింజ రంగు జాకెట్‌లో తేలుతూ, ముక్కు పైకెత్తి ఈదుకుంటూ వచ్చింది. ఆయన చెయ్యి చాచి పిడి అందుకోబోయాడు.

"పిడి పట్టుకోకండి" అంది ఆమె. "ఊడిపోతుంది. కచ్చా కుట్టు వేశాను."

ఆయన ఆమె వైపు చూశాడు. కోపం తెచ్చుకునే వ్యవధి లేదు. "అయితే పొట్ట కింద చేతులు పెట్టి ఎత్తాలి. ఇద్దరం కావాలి. రా."

ఆమె లేచి ఒక అడుగు ముందుకేసింది. అంచు మీంచి నీళ్ళు లోపలికి దూకాయి. నర్సమ్మ కాళ్ళు పైకి లాక్కుంది. ఆమె వెనక్కి తగ్గింది. తాను వెళ్తే పడవ మునుగుతుంది, వెళ్ళకపోతే కుక్క అలిసిపోతుంది.

"దించుకో" అన్నాడు ఆయన. రోజూ అనే మాటే, గొంతే వేరుగా ఉంది.

ఆమె మాస్టారినీ చూడలేదు, నర్సమ్మనీ చూడలేదు. నీళ్ళలో కాళ్ళు కొట్టుకుంటున్న కుక్కని చూస్తూ చెప్పింది. "అదంటే నాకు కుళ్ళు. నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్న ఏడింటికి కుళ్ళుకుంటున్నాను. దానికి ఊపిరాడుతుందో లేదో వేళ్ళు పెట్టి చూస్తారు. దానికి దాహమైతే మీకు తెలుస్తుంది. ఆరేళ్ళయింది, సరస్సు పక్కనే కాపురం, నాకు ఈత వచ్చా రాదా అని ఒక్కసారి అడగలేదు మీరు."

"వచ్చా?"

"రాదు."

పడవ తిన్నగా లేచింది. ఆమె అంచుకి వెళ్ళి వంగింది. ఆయన ముందు కాళ్ళ వెనకా, ఆమె పొట్ట పట్టీ కిందా చేతులు పెట్టారు. మూడు వరసల కుట్టు నీళ్ళ బరువుకి కిర్రుమంది గానీ వదల్లేదు. కుక్క వాళ్ళిద్దరి మీదా పడింది. లేచి ఒళ్ళు దులిపి, మాస్టారి సంచీ మొత్తం తడిపింది. ఆయన ఊరికే లాగి చూస్తే పిడి చేతిలోకి ఊడొచ్చింది.

ఆమె తిట్లకి సిద్ధపడింది. తిడితే బాగుండుననీ అనిపించింది. ఆయన పిడిని జేబులో పెట్టుకుని ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేలాడుతున్న లైఫ్ జాకెట్ పట్టీలు ఒక్కొక్కటే పెట్టి బిగించాడు. పట్టీకీ ఆమె పక్కటెముకలకీ మధ్య రెండు వేళ్ళు దూర్చాడు. మూడోదీ పట్టింది.

"ఇంత చిక్కిపోయావేమిటి" అన్నాడు. మళ్ళీ బిగించి, మళ్ళీ రెండు వేళ్ళు పెట్టి చూశాడు.

అప్పుడు పడవ మళ్ళీ ఒరిగింది.

"ఇదెవరిదండీ?" అన్నారు మాస్టారు. "నాది దించేసుకున్నాను."

"నాదీ" అంది నర్సమ్మ.

అందరూ కుక్క వైపు చూశారు. అది ఆయన చేతినే చూస్తోంది. అందరి కళ్ళూ తన మీద పడేసరికి, తనకేమీ పట్టనట్టు నీళ్ళకేసి తిరిగింది.

పిడిని ఆమె ఆ సాయంత్రమే మళ్ళీ కుట్టింది, ఐదు వరసలతో. మర్నాడు ఏడింటికి ఆయన దాన్ని పట్టుకుని కుక్కని బెత్తెడు ఎత్తి చూశాడు. ఆమెకి ఏమాత్రం బాధ కలగలేదని అంటే అబద్ధం, కాస్త కలిగింది. ఆ తర్వాత ఆమె జాకెట్‌లో రెండు వేళ్ళు పెట్టి చూశాడు.

కుక్క నోరు విప్పి చెప్పుకోలేదు కదా, దాని బరువు దించే దారి లేదు. అందుకని ఆమె రోజూ పడవలో కుడివైపు, దానికి ఎదురుగా, సరితూకంగా కూర్చుంటోంది. ఒళ్ళో కుట్టుపని పెట్టుకుని, ఆరేళ్ళ తర్వాత అవతలి ఒడ్డు చూస్తోంది. తనని చూసి ఒకరు కుళ్ళుకుంటున్నారంటే, కుళ్ళుకోదగ్గది తన దగ్గర ఏదో ఉందనే కదా. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కుక్క చెవి వెనక కాస్త గీరుతుంది. అది మొహం తిప్పుకుంటుంది గానీ చెవి మాత్రం ఇస్తుంది.

కొత్తగా పడవెక్కినవాళ్ళు, మీ ఆవిడ రోజూ ఎందుకొస్తారని పడవాయన్ని అడుగుతుంటారు.

"ఆవిడ లేకపోతే పడవ నిలబడదండీ" అంటాడు ఆయన.