డెబ్భైకి ఆగుదామన్న మనిషి

మా ఆవిడ ఒక మాట మీద నిలబడిందంటే ఆమెను కదపడం ఎవరి తరమూ కాదు. పెన్షన్ విషయంలో ఎన్నో ఏళ్ళుగా ఆమెది ఒకటే మాట: "డెబ్భై దాకా ఆగుదాం." ప్రభుత్వం వారి పద్ధతి ప్రకారం అరవై నిండితే ఎవరైనా పెన్షన్ మొదలుపెట్టుకోవచ్చు. మొదలుపెడితే ఉద్యోగం మానెయ్యాలి. ఆగినకొద్దీ నెలనెలా వచ్చేది పెరుగుతుంది, డెబ్భైతో ఆ పెరగడం ఆగిపోతుంది. మొగుడు పోయాక పెళ్ళానికి వచ్చే వాటా కూడా అతను ఎప్పుడు మొదలుపెట్టాడన్న దాన్ని బట్టే ఉంటుంది. ఈ చివరి ముక్క మా ఆవిడకి కంఠతా వచ్చు.

"మీరు నాకంటే పెద్దవారు, పైగా ముక్కుమీద కోపం. ముందు పోయేది మీరే," అనేది నవ్వుతూ. "తర్వాత నా గతేం కాను? నిదానమే ప్రధానం, ఆగండి."

నేనూ నవ్వేవాణ్ణి. నా చావు మీద ఆవిడ వేసే లెక్కలు మా ఇంట్లో పాత పరాచికమే.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే నా ముందు కాఫీ పెడుతూ, "ఏమండీ, పెన్షన్ ఇప్పుడే మొదలుపెట్టేద్దాం," అంది.

"ఇప్పుడేనా? డెబ్భైకి ఇంకా బోలెడు టైముంది కదా."

"ఆలస్యం అమృతం విషం అన్నారు."

"మరి నిదానమే ప్రధానం అన్నదెవరు?"

"అదీ వాళ్ళే అన్నారు," అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు అనుమానం పట్టుకుంది. నేను బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తాను. తోటివాళ్ళు నన్ను డేగ అంటారు. బస్సెక్కగానే ఎవరి దగ్గర టికెట్ లేదో నాకు తెలిసిపోతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒకడు అడక్కముందే జేబులు వెతుక్కుంటాడు. ఇంకొకడు రోజూ చూసే వీధినే కొత్త పెళ్ళికూతుర్ని చూసినట్టు కిటికీలోంచి చూస్తుంటాడు. నా కళ్ళు గప్పి దిగిపోయిన ప్రయాణికుడు లేడని నా ధీమా. మా ఆవిడ ఆ పొద్దున కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది.

మొదట మా బావమరిది మీద పడింది నా అనుమానం. పడక ఏం చేస్తుంది? అతనికి బస్టాండు వెనక పంక్చర్లు వేసే కొట్టుంది. దాన్ని పెద్దది చెయ్యాలని, టైర్లు విప్పే మిషను కొనాలని కలలు కంటుంటాడు. ఇదివరకు పిలిస్తే తప్ప మా గడప తొక్కేవాడు కాదు. ఈమధ్య నేను డ్యూటీలో ఉన్న సమయం చూసి వస్తున్నాడని, అక్కను స్కూటరు మీద ఎక్కించుకుని ఎక్కడికో తీసుకెళ్తున్నాడని పైఅంతస్తు పెద్దాయన చెప్పాడు. ఊరక రారు మహానుభావులు.

"మీ తమ్ముడొచ్చాడటగా?" అన్నాను ఆ సాయంత్రం.

"వచ్చాడు. వస్తే?"

"ఎక్కడికెళ్ళారు?"

"బజారుకి."

బజారుకి వెళ్ళినవాళ్ళు ఏదో ఒకటి కొనుక్కొస్తారు. ఇంట్లో కొత్తగా ఏమీ కనబడలేదు. సంచీ కూడా తలుపు వెనక మేకుకే వేలాడుతోంది. మనకి అనుమానం ఉన్నవాణ్ణి తొందరపడి కదిలిస్తే నడుస్తున్న బస్సులోంచి దూకేస్తాడు. తర్వాతి స్టాపు దాకా ఓపిక పట్టాలి.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా కొట్టుకు వెళ్ళాను. బావమరిది గాలి నింపిన ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తాయా అని చూస్తున్నాడు.

"ఏమోయ్, నా పెన్షన్‌తో మిషను కొందామనా మీ అక్కాతమ్ముళ్ళ ఆలోచన?" అన్నాను, డొంకతిరుగుడు లేకుండా.

మామూలుగా అయితే నా మాటకు రెండు మాటలు అప్పజెప్పే మనిషి. ఆ రోజు గుడ్డతో చేతులు తుడుచుకుని, లేచి వచ్చి, నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. తుడిచిన చేతులే అయినా నా చొక్కాకి మసి అంటింది.

"బావా, నీ డబ్బు నాకెందుకు? అక్క ఎలా చెప్తే అలా చెయ్యి. ఈ ఒక్కసారికి ఎదురు చెప్పకు," అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

పెళ్ళయిన నాటినుంచి ఈ మనిషి నన్ను వాటేసుకుని ఎరగడు. పోయేవాణ్ణి తప్ప బావమరుదులు బావల్ని ఇలా పట్టుకోరు.

దారి పొడుగునా ఒక్కొక్కటే కలిపి చూసుకున్నాను. కిందటి నెల మా ఆఫీసు వాళ్ళు ఉద్యోగులకీ, భార్యలకీ ఆరోగ్య పరీక్షలు చేయించారు. ఇద్దరం వెళ్ళి రక్తమిచ్చాం, స్కానింగులు తీయించుకున్నాం. నాకు డ్యూటీ ఉండడంతో డాక్టరుతో మాట్లాడి వచ్చింది మా ఆవిడే. "మీకేం లేదు, గుండ్రాయిలా ఉన్నారు," అంది. నేను నమ్మాను. ఇప్పుడు చూస్తే అంతా విడిపోయిన ముడిలా తెలిసిపోతోంది. పోయేవాడు డెబ్భై దాకా ఆగి ఏం చేసుకుంటాడు? ఉన్న నాలుగు రోజులూ తిననిద్దామని ఆవిడ అనుకుంది. ఈమధ్య కూరలో ఉప్పు లేదని నేను అరిచినా తిరిగి అరవకపోవడం కూడా అందుకే. పోయేవాడితో పోట్లాటెందుకని!

నాకు భయం వేసింది, దాన్ని మించి కోపం వచ్చింది. నా చావు కబురు పంక్చర్ల కొట్టుదాకా వెళ్ళింది కానీ నాకు మాత్రం చెప్పరా? ఆ వారమంతా అద్దం ముందు నాలుక చాపి చూసుకున్నాను. మెట్లెక్కి నిలబడి ఆయాసం వస్తోందో లేదో విన్నాను, వింటే వచ్చింది. టికెట్ లేని ఒక మనిషిని చూసీ చూడనట్టు వదిలేశాను కూడా. పోయేముందు కాస్త పుణ్యం ఉంటే మంచిదే కదా.

ఇక ఉండబట్టలేక సెలవుపెట్టి ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళాను. కుర్చీలో కూర్చుంటూనే అడిగేశాను.

"నాకు అన్నీ తెలిసిపోయాయి డాక్టర్. దాచకండి. ఇంకా ఎన్నాళ్ళు?"

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "ఎవరికి?" అన్నాడు మెల్లగా.

"ఎవరికేంటండీ, నాకే!"

అతను ఊపిరి వదిలి, నవ్వాడు. నా చెయ్యి పట్టి చూశాడు, బీపీ చూశాడు. "మీ ఆరోగ్యం నాకుంటే బావుండును. ఆ కోపం కాస్త తగ్గించుకుంటే తొంభై దాటుతారు," అన్నాడు.

కుర్రాడిలా మెట్లు దిగాను. కింద మెట్టు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. డాక్టరు 'ఎవరికి' అని ఎందుకడిగాడు?

పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాను. పరీక్ష చేయించుకున్నది ఇద్దరం. "మీకేం లేదు," అని ఆమె అన్నప్పుడు, "మరి నీకో?" అని నేను అడగలేదు. ఆ మాటే నాకు తోచలేదు. నేను పెన్షన్ ఇప్పుడే మొదలుపెడితే తగ్గేది ఆమె వాటా. డెబ్భై దాకా ఆగమని ఆమె ఇన్నేళ్ళూ పోరింది ఆ వాటా కోసమే. ఇప్పుడు దాన్ని వద్దనుకుంటోందంటే దాని అవసరం ఆమెకి రాదన్నమాట.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. నా ముఖం చూసి చేతిలో చొక్కా పక్కన పెట్టింది.

"తెలిసిపోయిందా?"

"ఎప్పుడు చెబుదామనుకున్నావు?" అన్నాను.

"మీరు డ్యూటీ మానేశాక. ముందే చెబితే మీ సంగతి నాకు తెలీదా? నీకేం కాదు, డెబ్భై దాకా ఆగాల్సిందే అని మొండికేసి, ఆ కోపంలో డబుల్ డ్యూటీ చేస్తారు."

అచ్చంగా అదే చేసేవాణ్ణి.

"మందులున్నాయి కదా ఈ రోజుల్లో," అన్నాను.

"వాడుతున్నాను. తమ్ముడు తీసుకెళ్ళేది ఆస్పత్రికే. డాక్టరుగారు నెలలంటున్నారు, ఏళ్ళన్న మాట ఆయన నోట రావట్లేదు." మళ్ళీ చొక్కా అందుకుంది. "మీరు ఆగి ఆగి పెద్ద పెన్షన్ తెచ్చుకుని, ఒక్కరూ కూర్చుని ఏం చేస్తారు? తక్కువైతే తక్కువే. పగలు ఇంట్లో ఉండండి. మిమ్మల్ని పగటి వెలుతురులో చూసింది సెలవు రోజుల్లోనే."

నాకు ఏడుపొచ్చింది. ఆ బట్టల పక్కనే కూర్చుని ఏడ్చాను. ఆవిడ వద్దనలేదు.

మర్నాడే ఇద్దరం పెన్షన్ ఆఫీసుకు వెళ్ళాం. కిటికీ వెనక గుమాస్తా చిన్న వయసు అమ్మాయి, మర్యాద తెలిసిన పిల్ల. మా వివరాలన్నీ కంప్యూటర్లో చూసి, "ఆరోగ్యంగా ఉన్నారు, ఉద్యోగం ఉంది. ఆగొచ్చు కదా బాబాయిగారూ?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడామె మా ఆవిడ వైపు తిరిగింది.

"పిన్నిగారూ, ఇందులో నష్టం మీకే. ఆయన తర్వాత మీ చేతికొచ్చేది బాగా తగ్గిపోతుంది. అందుకే మీ సమ్మతి మీ నోటితోనే చెప్పాలని రూలు."

"నాకు సమ్మతమేనమ్మా."

"తొందరేం లేదు. వచ్చే ఏడాది వచ్చినా మీకు లాభమే."

"వచ్చే ఏడాది దాకా వద్దులే తల్లీ."

ఆ పిల్ల కీబోర్డు మీద చేతులు తీసేసింది. మా ఆవిడ చిక్కిన ముఖాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. పెళ్ళాం నోట్లో ముద్ద లాక్కోవడానికి ఆమెను వెంటబెట్టుకొచ్చిన ముసలాడిలా కనబడ్డాను ఆమె కంటికి. ఆమె స్థానంలో నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి.

"పిన్నిగారూ, మిమ్మల్నెవరైనా బలవంతపెడుతున్నారా?" అంది. నా వైపు తిరిగి, "మీరు కాసేపు బయట కూర్చోండి. ఈవిడతో విడిగా మాట్లాడాలి," అంది.

జీవితంలో మొదటిసారి ఒక మనిషి నన్ను అనుమానిస్తే నాకు కోపం రాలేదు. "అడుగమ్మా. గట్టిగా అడుగు," అని లేచాను.

ఆ పిల్ల మా ఆవిణ్ణి లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. వరండాలో చెక్కబల్ల మీద కూర్చున్నాను. మా ఆవిడ లోపల ఎదురు తిరగాలనీ, ఈ మనిషి నా వాటా కాజేస్తున్నాడమ్మా, డెబ్భై దాకా ఆగాల్సిందే, ఈయన పోయాక నేను ఇంకా చాలా ఏళ్ళు బతకాలి అని వీధి దాకా వినబడేట్టు అరవాలనీ కోరుకున్నాను. ఎంత కోరుకున్నా లోపల్నుంచి ఒక్క కేకా వినబడలేదు.

తలుపు తెరుచుకుంది. గుమాస్తా పిల్ల నా ముఖం చూడలేక పక్కకు తిరిగింది. మా ఆవిడ కొంగు సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఒప్పేసుకున్నానండీ," అంది. "పదండి, ఇంటికి పోదాం."