ఏలరా మార్చితివి

జనార్దన్ ఇంగ్లీషులో ‘చిన్న సవరణ’ అని రెండు మాటలు కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ప్రతిసారీ అంతే. కంప్యూటర్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో దోషం పట్టుకోవడానికి ఎన్నాళ్లయినా కూర్చుంటాడు. ఎందుకు మార్చావో రాయమంటే మాత్రం చెమటలు పడతాయి. పల్లెటూరి బడిలో మాస్టారు అతని ఇంగ్లీషు వ్యాసం పైకి చదివితే పిల్లలు బల్లలు గుద్ది నవ్వారు. తక్కువ రాస్తే తక్కువ తప్పులు.

ఓవర్‌పోర్ట్‌లో చీరల కొట్టు మీద, అతను సముద్రం దాటి వచ్చి చేరిన ఆఫీసులో అతని రాతలు చూసేది బెరిల్. నెరిసిన జుట్టు, మెడలో చిన్న శిలువ, లావుపాటి వేళ్లు. ఇక్కడి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చిన ఆమె ముత్తాతలది తెలుగు కోస్తా పల్లె; కోప్పడడానికి సరిపడా తెలుగు మిగిలింది. కారణం రాయని కాగితాన్ని బట్టలారేసే చెక్క క్లిప్పు తగిలించి వెనక్కి ఇచ్చేది.

“తడి ఆరలే, జనా. కోడ్ నేను చదువుకుంటా, మేన్. ఏలరా మార్చితివి? అది చెప్పు.”

ఏల! పద్యాల్లో తప్ప జనార్దన్ ఎన్నడూ వినని మాట.

ఈస్టర్‌కు ఆమె చర్చి సభలకు వెళ్లినప్పుడు, అడిగేవాళ్లు లేరు కదా అని ఒక సవరణ అలాగే దూర్చేశాడు. పాత డిస్కు ఒక పని ముగించకముందే ఇంకోటి చెబితే కంప్యూటర్ బిగుసుకుపోతుంది. కాస్త ఆగమని ఒక లైను చేర్చాడు. పైన రాసింది ‘చిన్న సవరణ’ అని మాత్రమే. మొన్న పాత చెత్త ఏరేస్తూ బెరిల్ ఆ లైను చూసింది. కారణం కనబడలేదు. తీసేసింది.

ఈ పొద్దున, అతను కొట్టిన రెండు మాటలు తెర మీద ఉండగానే ఫోన్ మోగింది. షాకాస్‌క్రాల్‌లో చక్కెర మిల్లుకు ఈ ఆఫీసు అమ్మిన, చెరకు తూచే కంప్యూటర్లు బిగుసుకుపోయాయి. రోడ్డు పొడవునా లారీలు, లారీల్లో వడలిపోతున్న చెరకు, ఫోన్లో మిల్లు వాళ్ల కేకలు.

యజమాని రాడ్నీ గది మధ్యలో నిలబడి, ఆ లైను తీసిందెవరని అడిగాడు.

“నేనే,” అంది బెరిల్.

పెట్టిందెవరని అతను అడగలేదు. జనార్దన్ తల దించుకుని తన కీబోర్డు చూసుకున్నాడు. బెరిల్ టైపు కొట్టే గుమాస్తాగా తల నెరిసిన మనిషి. తెల్లవాళ్ల రంగు చట్టాలు పోయి, అందరూ తొలిసారి ఓటేసిన ఆ ఏడాది తరువాతే ఆమెకు ఈ కుర్చీ దక్కింది. మధ్యాహ్నానికి అది ఆమెది కాకుండా పోయింది.

సంచీ భుజాన వేసుకుని అతని బల్ల దగ్గర ఆగింది. “ఆ లైన్ నీదే. నాకు తెలుసు.”

“ఆంటీ...”

“నాకు వద్దురా. అందులో రాయి.” కంప్యూటర్ వైపు గడ్డం ఎగరేసింది. “ఏల అని రాయి. నెక్స్ట్ వచ్చేవాళ్లకు తెలవాల.”

మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు ఆగేదాకా అతను తలెత్తలేదు. అప్పుడు ఆ లైను మళ్లీ పెట్టి, దాని పైన రాశాడు. ఏది ఆగిపోయింది, ఎక్కడ, డిస్కు కోసం ఎందుకు కాచుకోవాలి. ఇంగ్లీషు కుంటింది, కుంటనిచ్చాడు. కారణం నేను రాయలేదు గనుకే ఆమె తీసేసింది, అని ఆఖరున చేర్చి కింద తన పేరు పెట్టాడు. కాగితం మీద అచ్చు తీసి, అలవాటు కొద్దీ ఆమె బల్ల దగ్గరికి పట్టుకెళ్లాడు.

బల్ల ఖాళీగా ఉంది. చెక్క క్లిప్పు ఒక్కటే పడి ఉంది, ఏ కాగితాన్నీ పట్టుకోకుండా, నోరు మూసుకుని.