గొంతు తెరిచే అంగడి

వడమాలపేటలో బస్సు దిగి పుత్తూరు వైపు నాలుగడుగులు వేస్తే మస్తాన్ వలి అంగడి. పెళ్లి బ్యాండు వాళ్ల ఇత్తడి బూరలు సొట్టపడితే తిరుపతి నుంచి కూడా ఇక్కడికే తెస్తారు. చింతకొయ్య సుత్తితో తట్టి సొట్ట లేపి, గొట్టాలు కడిగి, నూనె పట్టించి, చివర తానే ఒకసారి ఊది చేతికిస్తాడు. ఊది చూడకుండా ఇచ్చిన రిపేరు రిపేరే కాదంటాడు. నలభై ఏళ్లుగా అదే పని, అదే పీట.

మార్చి నెల వచ్చిందంటే మాత్రం బ్యాండు వాళ్లను కాసేపు ఆగమంటాడు. గుర్రుకొంగలు పిల్లల్ని తీసుకుని అంగడికి వస్తాయి కదా.

పేరుకే అవి కొంగలు. మన చెరువు కొంగ మెడ మడుచుకుని ఎగురుతుంది, చెట్టెక్కి కూర్చుంటుంది. వీటికి చెట్టుతో పనే లేదు. మెడ బారుగా చాచి మందలు మందలుగా ఎగురుతాయి. బూడిదరంగు ఒళ్లు, నల్లటి మెడ, ఎర్రటి కళ్లు, చెవుల వెనక తెల్లటి కుచ్చులు. ఎక్కడో చలిదేశపు గడ్డి మైదానాల్లో పుట్టి, హిమాలయాలు దాటి, కార్తీకంలో వచ్చి ఊరి రైతు మునస్వామి వేరుశనగ చేలో దిగుతాయి. పగలంతా రాలిన కాయలు ఏరుకుని తింటాయి. పొద్దుగూకితే చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి నిద్రపోతాయి, ఒకటి మేలుకుని కాపలా కాస్తుంది. జత కట్టిన ఆలుమగలు బతికినంత కాలం విడిపోవు. పెట్టే బేడా లేకుండా సంసారాన్ని అంత దూరం నడుపుకొచ్చే జాతిని చూస్తే ఎవరికైనా దండం పెట్టబుద్ధేస్తుంది.

ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఇంకా గొంతు రాదు. సన్నగా ఈల వేస్తాయి, అంతే. వాటి గొంతు గొట్టం మెడలోంచి దిగి రొమ్ము ఎముకలో మెలిక తిరిగి ఉంటుంది, అచ్చం బూరలాగే. ఆ మెలిక తెరుచుకుంటే మైలు దూరం వినిపించే కేక పుడుతుంది. అందుకని తిరుగు ప్రయాణానికి ముందు తల్లీతండ్రీ పిల్లను నడిపించుకుంటూ రోడ్డు దాటి మస్తాన్ వలి దగ్గరికి వస్తాయి. ఆర్టీసీ బస్సు ఆగి దారిస్తుంది. ఆయన పిల్లను తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, రొమ్ముకు గోరువెచ్చని నువ్వుల నూనె రాసి, సుత్తికి గుడ్డ చుట్టి మెల్లగా తడతాడు. గొంతు తెరిచి, పెద్దవాటి కేకకు శ్రుతి కలిపి పంపుతాడు. మబ్బుల్లో ఒకదానికొకటి కనిపించవు, కేకను పట్టుకునే వెళ్లాలి. దారి పుట్టుకతో రాదు, పెద్దల వెంట ఎగిరి నేర్చుకోవాల్సిందే. వెనకబడిన పిల్లకు ఊరూ లేదు, దారీ లేదు.

ఈ ఏడు మార్చి ఆఖరి వారంలో తప్పు జరిగింది. మస్తాన్ వలి ఒక పిల్లకు గొంతు తెరిచి పంపిన గంటకు రోడ్డు మీద పెళ్లి ఊరేగింపు వచ్చింది. బ్యాండు మోగగానే ఆ పిల్ల తల్లిదండ్రులను వదిలేసి, రెక్కలు విప్పి, ఎగిరెగిరి ఆడుతూ బ్యాండు వెంట కల్యాణమండపం దాకా పోయింది. అమ్మాయి తరఫు వాళ్ల ఏర్పాటనుకుని అబ్బాయి తరఫు వాళ్లు మురిసిపోయారు. వెనకాల తల్లీతండ్రీ గొంతు చించుకుని పిలిచినా అది తిరిగి చూడలేదు.

మునస్వామి దాన్ని చంకలో పెట్టుకుని అంగడికి తెచ్చాడు. వెనకే తల్లీతండ్రీ నడిచొచ్చాయి.

"వలీ అన్నా, నీ పిల్ల పెండ్లి పందిట్లో నిలబడుండాది. తల్లి పిలస్తాంటే సూడనే లేదు. రేపు ఎండెక్కితే మంద లేస్తాదే, దీని గతేం గావాల?"

అంగడి వెనక గదిలో సంచి సర్దుకుంటున్న కూతురు ఉమ్మే హబీబా బయటికొచ్చింది. ఒకటో తేదీ నుంచి తిరుపతిలో ఒక లాడ్జి కౌంటర్లో ఉద్యోగం. ఆమెకు సుత్తి మీదే మనసు. ఆడపిల్ల రోడ్డు పక్కన కూర్చుని బూర ఊదితే నలుగురూ ఏమంటారని ఆయనే ఆ ఉద్యోగం కుదిర్చాడు. హబీబా పిల్ల కేక విని తండ్రి వైపు చూసింది.

"అబ్బా, దీనికి బ్యాండు శ్రుతి పెట్టినావు."

మస్తాన్ వలి తల దించుకున్నాడు. చెవికి అందనప్పుడు చెయ్యి తనకు తెలిసిన శ్రుతే పెట్టేసింది.

"ఎప్పట్నించి ఇనపడలా?" కూతురు దగ్గరికొచ్చి గట్టిగా అడిగింది.

"రెండేండ్లాయ, రోజురోజుకీ తగ్గతా వచ్చె. చెప్తే అంగడికి ఎవురొస్తారు?"

బ్యాండు వాళ్లకు ఎప్పుడో తెలుసు. పెద్దాయనను నొప్పించలేక, తీసుకుపోయి వేరే చోట సరిచేయించుకునేవాళ్లు. పిట్టకు అలాంటి మొహమాటాలు ఉండవు.

హబీబా ఆయన అరచెయ్యి తీసుకుని తండ్రి కొంగ రొమ్ము మీద ఆనించింది. కొంగ కేక వేసింది. ఆ అదురు మోచెయ్యి దాకా పాకింది. రెండేళ్ల తర్వాత ఆయనకు ఏదో వినిపించినట్టయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వు తట్టు. నేను ఇంటా," అంది.

ఆయన తట్టాడు. "ఇంకొంచెం కిందికి... ఇంకా... చాలు." ఆ తర్వాత ఆమె గోడకున్న పాత బూర అందుకుని, రోడ్డు పక్క పీట మీద కూర్చుని, తల్లి కొంగ కేకను ఉన్నదున్నట్టు ఊదింది. పిల్ల పలికింది. తల్లీతండ్రీ తలలు వెనక్కి వాల్చి దానితో గొంతు కలిపాయి. బస్టాపులో జనం నిలబడి విన్నారు. ఆడపిల్ల బూర ఊదడమేంటని ఎవరూ ఒక్క మాట అనలేదు. బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయారు.

మర్నాడు ఎండెక్కాక మంద లేచింది. గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ పైకి పోయింది. మస్తాన్ వలికి తెరుచుకునే ముక్కులే కనిపించాయి.

"అరిచిందా?"

"అరిస్తాండాది, అబ్బా."

"వాళ్లు పలికినారా?"

"పలికినారు."

ఆయన లోపలికొచ్చి, అటక మీది పాత పీట దించి, దుమ్ము తుడిచి, తన పీట పక్కన వేశాడు. ఒకటో తేదీన లాడ్జి కౌంటర్లో ఇంకెవరో కూర్చున్నారు.

కార్తీకంలో మంద తిరిగొచ్చింది. మొదటిరోజే ఒక కొంగ ఒంటరిగా రోడ్డు దాటి వచ్చింది. పెళ్లి బ్యాండు వెంట పోయిన పిల్లే, చెవి కుచ్చులు నిండుగా పెరిగాయి. మస్తాన్ వలిని దాటుకుని పోయి రెండో పీట ముందు నిలబడి కేక వేసింది. ఆయన చెయ్యి చాచి దాని రొమ్ము మీద పెట్టాడు.

"ఏమంటాండాది, అబ్బా?" అంది హబీబా నవ్వుతూ.

"నిన్నే పిలస్తాండాది," అని పీట జరుపుకుని చోటిచ్చాడు.