మేకుకు మిగిలిన బిళ్ళ

తుంగమడుగు నీళ్ళలో పూలమ్మ ఉందని, తెల్లవారేటప్పుడు తోడు కోసం ఆడవాళ్ళను పిలుస్తుందని, మందమర్రి నుంచి గోదావరిఖని దాకా బొగ్గుబాయి కాలనీలలో నమ్మనివారు లేరు. నమ్మడానికి వారికి ఆధారమూ ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట ఆ మడుగు ఒడ్డున ఆమె చెప్పుల జత, అన్నం నింపిన క్యారేజీ దొరికాయి, మనిషి దొరకలేదు. గనిలోకి దిగేవాడు దీపాల గదిలో తన నంబరు బిళ్ళ ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం అప్పగించి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు ముగిసినా బిళ్ళ మేకుకే వేలాడుతుంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఒడ్డున చెప్పులు చూసినవాళ్ళు కూడా ఆ లెక్కే వేశారు. పాత గని సొరంగాల మీద నేల కుంగి నీరు నిలిచిన చోటు కాబట్టి, శవం తేలకపోవడం వారికి వింత అనిపించలేదు. సొరంగంలోకి జారిపోయిందన్నారు.

పూలమ్మ బిక్షం భార్య, ఇంటికి పెద్దకోడలు. ఆమె పోయాక మడుగు పక్క కాలనీ విడిచి గోదావరిఖనికి మారిన ఆ ఇంట్లో, ఆమె ఫోటో తుడవడం చిన్నకోడలు రాజకుమారి పని. పెళ్ళయి వచ్చిన మొదటి వారంలోనే అత్త కనకవ్వ గుడ్డముక్క చేతికిచ్చి, "మీ యారాలు. శనివారం శనివారం తుడువాలె. మరిచిపోతే ఊకోదు" అని చెప్పింది. ఫోటోలో ఎడమ కనుబొమ మీద అడ్డంగా ఒక గీత. అద్దం మీది మరకేమోనని రాజకుమారి దాన్ని తడిగుడ్డతో ఎన్నోసార్లు రుద్దింది. "అది పోదే, పుట్టుమచ్చ" అంది కనకవ్వ. ఇరవై ఒక్క ఏళ్ళుగా, భర్త సంపత్ ఏ షిఫ్టుకు వెళ్తే ఆ షిఫ్టు ప్రకారం లేచి, అన్నం వండి, క్యారేజీ సర్ది, బొగ్గు మసి బట్టలు నానబెట్టి, ఆపైన ప్రైవేటు బడికి పోయి జీవశాస్త్రం చెప్పి, తిరిగి వచ్చి పొయ్యి ముట్టించే రాజకుమారికి తన ముఖం కన్నా ఆ ముఖమే ఎక్కువ పరిచయం. పెత్రమాస నాడు చనిపోయినవారి పేరిట విస్తట్లో వండిన కూరలన్నీ పెట్టేటప్పుడు, ఈ ఇంట్లో ఆడదానికి ముందుగా వడ్డించేది చచ్చిన తరవాతనే కదా అని ఒకసారి అనిపించింది. ఆ ఆలోచనకు తానే జడిసింది. అప్పటి నుంచి ఒక దృశ్యం ఆమెను వదలలేదు. గిన్నెలు తోముతున్నా, పాఠం చెబుతున్నా, కళ్ళ ముందు నీటి ఒడ్డు, చెప్పుల జత. దగ్గరికి పోయి చూస్తే అవి తన చెప్పులు.

కొంగలవాగు గురుకుల పాఠశాలలో టీచరుగా నియామక పత్రం వచ్చి పది రోజులయింది. సోమవారంలోగా చేరాలి, బడి ఆవరణలోనే ఉండాలి. సంపత్ కాగితం చదివి మడిచి ఇచ్చాడు.

"కొంగలవాగు అంటె తుంగమడుగు అవుతల గదా? పూలమ్మ వదిన పోయిన బాటనే పోతవా?"

"నౌకరికి పోత అంటున్న."

"గీ ఇల్లు నౌకరి గాదా? బడికి పోవుడంటె నీకు టైంపాస్, పోతున్నవ్, నేనేమన్న అన్ననా? నా క్యారేజి ఎవలు కడుతరు మల్ల?"

శనివారం అతడు మొదటి షిఫ్టుకు వెళ్ళగానే రాజకుమారి ఫోటో తుడవకుండానే చేతిసంచి తీసుకుంది. గుమ్మంలో కనకవ్వ అడ్డుపడింది. "జాగ చూసొస్త అత్తమ్మా, మాపటికల్ల వస్త" అంటే, ముసలమ్మ ఆమె నుదుట బూడిద అద్ది, "మడుగు కాడ ఎవలు పిలిచినా పలుకకు బిడ్డా" అంది. ఆ గొంతులో బెదిరింపు లేదు. నిజంగానే భయం ఉంది.

రామగుండంలో పాసింజరు ఎక్కింది. గోదావరి వంతెన, మంచిర్యాల, మందమర్రి. ఆ తరవాత నేల మారిపోయింది. పట్టాలకు రెండువైపులా మనిషెత్తు తుంగ, మధ్యమధ్య వాన నీళ్ళు, నీళ్ళలో మునిగి మొండిగా నిలబడ్డ పాత కరెంటు స్తంభాలు. తుంగమడుగు హాల్టులో బొగ్గు గూడ్సుకు దారి ఇవ్వడానికి పాసింజరు ఆగింది. కిటికీ పక్కన కూర్చున్న ఒకామె కొంగు చెవుల మీదికి లాక్కుంది. అప్పుడే వినబడింది ఆ పిలుపు. గొంతు నొక్కుతుంటే మూలిగినట్టు మొదలై, "రా, రా, రా" అని తెగకుండా సాగింది. రాజకుమారి తలుపు దాకా నడిచి, కడ్డీ పట్టుకుని తుంగలోకి చూసింది. ఒళ్ళు నల్లగా, రొమ్ము తెల్లగా ఉన్న నీటికోడి ఒకటి బురద మీద నిలబడి మెడ సాచి అరుస్తోంది. వానాకాలంలో జత కోసం అది అట్లాగే అరుస్తుందని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పింది. పిలుపుకు కారణం తెలిసింది. అయినా లోపలికి వచ్చి, కిటికీ పక్కనామెలాగే కొంగు చెవుల మీదికి లాక్కుంది.

మూడో హాల్టు కొంగలవాగు. దిగింది తనొక్కతే. రేకుల షెడ్డు కింద ఒక స్త్రీ కూర్చుని తుంగచాప అల్లుతోంది. బడికి దారి అడగడానికి దగ్గరకు వెళ్ళింది. ఆమె తలెత్తింది. ఎడమ కనుబొమ మీద అడ్డంగా గీత.

జుట్టు నెరిసింది, చెంపలు జారాయి. అయినా ఇరవై ఒక్క ఏళ్ళు తన చేత్తో తుడిచిన ముఖం. దయ్యాలకు నీడ ఉండదంటారని, రాజకుమారి ఆ మనిషి నీడ కోసం చూసింది. షెడ్డులోకి ఏటవాలుగా పడ్డ ఎండలో నీడ సిమెంటు గచ్చు మీద చక్కగా పడి ఉంది. తన చూపుకు తానే సిగ్గుపడింది.

"పూలమ్మక్కా?"

అల్లుతున్న చేతులు ఆగాయి. "ఎవలు నువ్వు?"

"సంపత్ భార్యను. నీ ఫోటో తుడుస్త."

పూలమ్మ చాప కొస జరిపి, "కూసో చెల్లె" అంది. "దండ గూడ ఏస్తరా?"

"ప్లాస్టిక్‌ది."

"గదే అనుకున్న, ముసల్ది పిసినారి." పూలమ్మ నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది. "బిక్షం ఉన్నడా?"

"బావ పోయి ఆరేండ్లయితంది."

పూలమ్మ తల ఊపింది. దుఃఖమూ లేదు, సంతోషమూ లేదు.

"కనుబొమ మీద పుట్టుమచ్చ అని చెప్పింది అత్తమ్మ."

"పుట్టుమచ్చనా! క్యారేజి మూత. నైట్ షిఫ్టు దిగి పైకచ్చేటాల్లకు గేటు కాడ వేడన్నం ఉండాలె. ఒకనాడు సల్లారింది, మూత ఇసిరిండు. నెత్తురు తుడుసుకుంట ఇంటికస్తె అత్త ఏమన్నది? గింత జల్ది నడువద్దా అన్నది." ఆమె ఒక తుంగపోచ తీసి నోటితో చీల్చింది. "ఆనాడు గూడ మడుగు గట్టు మీదికెల్లి అడ్డంబడి పోతున్న. బురద. చెప్పులు ఇడిసిన. క్యారేజి పట్టి సూసిన, సల్లగైంది. అవుతల బండి ఆగి ఉన్నది. అన్నం ఆడనే పెట్టి, మోకాల్ల లోతు తుంగల నడిసి ఎక్కిన. టికెట్ లేదు గదా, టీసీ ఈడ దింపేసిండు. గంతే."

"అంతేనా?"

"మల్లేంది? నీల్లల్ల గాలాలేసి మూడు దినాలు దేవులాడిన్రట. బండ్లల్ల ఒక్కడు దేవులాడలే. ఆడిది పోవాల్నంటె సావుకే పోతదనుకున్నరు. మూడు స్టేషన్ల అవుతలనే ఉన్న. దయ్యానికి భయపడి కాలనీవోల్లు ఎవ్వలు ఇటు దిగకపోయిరి. నాకదే మంచిగయింది."

తుంగ మీద ఎండ పరుచుకుంది. దూరంగా గురుకులం మేడ తెల్లగా కనబడుతోంది. రాజకుమారి ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న ఆ ఒడ్డును మళ్ళీ తలచుకుంది. ఇప్పుడూ చెప్పులు అక్కడే ఉన్నాయి. వాటి ముందు మోకాళ్ళ లోతు నీరు, నీటికి అవతల బండి. ఇన్నేళ్ళూ తాను ఆ బండిని చూడనే లేదు. సంచిలోంచి నియామక పత్రం తీసి, కింద 'సమ్మతి' అన్నచోట, పూలమ్మ చాప మీదనే పెట్టి సంతకం చేసింది.

ఫోను మోగింది. కనకవ్వ.

"ఏడున్నవే? మడుగు దాటినవా? ఎవలన్న పిలిచిన్రా?"

రాజకుమారి పూలమ్మ వైపు చూసింది. "చెప్పు, ఇగ ఎవలకు భయం" అంది పూలమ్మ, మళ్ళీ అల్లిక అందుకుంటూ.

"దాటిన అత్తమ్మా. సోమవారం నౌకరిల చేరుతున్న. నువ్వు ఫోటో గోడ మీదికెల్లి తీసెయ్యి. పూలమ్మక్క నీళ్లల్ల దిగిపోలేదు, ఆ పొద్దు పాసింజరు ఎక్కింది. ఇగో, నా పక్కన కూసొని చాప అల్లుతున్నది."