బర్మా మీద అనుమానం

నేను ఒక మట్టి బర్మాను. పైన అడ్డపిడి, కింద రెండు పళ్ళున్న ఉక్కు గిన్నె. పిడి పట్టుకుని తిప్పితే నేలలోకి దిగుతాను, లాగితే అడుగున ఉన్న మట్టిని గిన్నెలో పట్టుకొస్తాను. నన్ను చేసిన లేత్ షాపు మేస్త్రీ నా పంటిని బొటనవేలితో తడిమి, "ఇది అబద్ధం చెప్పదు," అన్నాడు. నమ్మాను. అబద్ధం చెప్పేది పళ్ళు కాదు, పిడి పట్టుకున్నవాళ్ళని అప్పటికి నాకు తెలియదు.

నా మొదటి యజమాని పొలాల మట్టి పరీక్షలకు తిరిగే మనిషి. ఆయనకు ఎండ పడదు. చెట్టు నీడన ఒక్క గుంత తీసి, ఆ మట్టినే తొమ్మిది సంచుల్లో నింపి, తొమ్మిది మంది రైతుల పేర్లు రాసేవాడు. మనుషులను అనుమానించడం నాకు అప్పుడే అలవాటైంది.

తర్వాత ఒక ల్యాబు నన్ను కొంది. అక్కడ గ్రేస్ కుమారి గారి చేతిలో పడ్డాను. నలభై అయిదు దాటిన మనిషి, చీర మీద పాత మగచొక్కా తొడుక్కుని పనిలోకి దిగుతుంది. ఆవిడనూ అనుమానించాను. ఎందుకు మినహాయించాలి?

ఒకరోజు తుని దగ్గర ఒక ఊరికి వెళ్ళాం. ఊరి చివర పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన షెడ్డు ఉండేది. దాన్ని కూల్చేశారు, ఇక అక్కడి మట్టి తీసి ఎక్కడో పోయాలి. మామూలు మట్టి అని పరీక్షలో తేలితే గోడ అవతలి అంగన్‌వాడీ పల్లపు వాకిలి పూడుస్తారు. విషం ఉందని తేలితే లారీల్లో వేసి పైన కప్పి, ఇలాంటి చెత్త కోసమే కట్టిన దూరపు గుంతకు తీసుకెళ్ళాలి. ఏది అన్నది నేను పట్టుకొచ్చే పిడికెడు మట్టి తేల్చాలి.

షెడ్డు తరఫు సూపర్‌వైజరు సూరిబాబు కొబ్బరిబొండంతో ఎదురొచ్చాడు. "రండి మేడమ్ గారూ, ఎండన పడొచ్చారు! మీకు శ్రమ లేకుండా ఎక్కడెక్కడ తవ్వాలో ముగ్గు కూడా ఏయించేశాను."

గ్రేస్ గారు బొండం అందుకుంది. తాగింది. నా కళ్ళ ముందు చెట్టు నీడ మెదిలింది. అయిపోయింది, ఈవిడా నా మొదటి యజమాని బాపతే అనుకున్నాను.

మొదటి ముగ్గు మీద దిగాను. జానెడు లోతు దాకా ఎర్రటి గ్రావెల్ మట్టి, వెన్నలోకి దిగినట్టు దిగాను. ఏళ్ళ తరబడి పొగలో మాడిన నేల ఇంత తాజాగా ఎలా ఉంది?

"చాలండి మేడమ్, ఇంకెంత?"

"కాస్త తిప్పనివ్వండి. భుజానికి పని చెప్పమన్నాడు మా డాక్టరు."

గ్రావెల్ కింద మసిరంగు మట్టి తగిలింది. సూరిబాబు నవ్వు కొంచెం తగ్గింది.

అప్పుడే గోడ మీంచి ఒక తల లేచింది. అంగన్‌వాడీ ఆయా లోవమ్మ. "ఏవమ్మా, ఆయన ముగ్గేసిన చోటే తవ్వుతారా? ఆ మూలకెళ్ళండి. మా కోళ్ళు ఊరంతా గీరతాయి గానీ ఆ మూల కాలెట్టవు. మా పిల్లలేమో మట్టి కనబడితే నోట్లో ఎట్టేసుకుంటారు."

"ఇన్నారా మేడమ్! ల్యాబులెందుకు, కోళ్ళనెట్టుకుంటే సరిపోద్ది," అన్నాడు సూరిబాబు.

"కోళ్ళకి బొండాలిచ్చినోళ్ళు లేరు బాబూ," అంది లోవమ్మ.

గ్రేస్ గారు సగం తాగిన బొండం నేల మీద పెట్టేసి మూలకు నడిచింది. అక్కడ మూరెడు లోతులో ఏదో పాత ఇనుప పలక తగిలి నా పన్ను ఒకటి విరిగింది. అయినా మట్టి తెచ్చాను. ముగ్గుల మట్టి, మూల మట్టి వేరువేరు సీసాల్లో పోసి ఆవిడ సీలు వేసింది.

మూల మట్టిలో సీసం ఉండకూడనంత తేలింది. ముగ్గుల దగ్గర కూడా గ్రావెల్ కింద అదే కథ. మర్నాడే సూరిబాబు ల్యాబుకు దిగాడు.

"దోషం మట్టిది కాదండి. ఆ బర్మా ఎక్కడెక్కడ కంపులో తిరిగొచ్చిందో! దానికంటుకున్న సీసమే ఇది."

గదిలో అందరూ నా వైపు తిరిగారు. నా వైపు! ఇన్నాళ్ళూ అందరినీ చూసిన చూపు ఇప్పుడు నా మీద. విరిగిన పంటితో మూలన నిలబడి ఏం చెప్పుకోను?

గ్రేస్ గారు ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. ప్రతి గుంతకూ ముందు ఆవిడ నన్ను శుభ్రంగా కడిగి, ఆఖరున కడిగిన నీళ్ళను కూడా పరీక్షకు పంపుతుంది. నా శీలాన్ని శంకిస్తోందని నాకెప్పుడూ మంటగా ఉండేది.

"ఇది ఆ నీళ్ళ రిపోర్టు. సీసం లేదు. నేను ఎవర్నీ నమ్మను సూరిబాబు గారూ, దీన్ని కూడా నమ్మలేదు. అందుకే ఇవాళ దీని తరఫున మాట్లాడగలుగుతున్నాను."

మట్టి ప్రమాదకరమని రాసి సంతకం పెట్టింది.

లారీలు కదిలే రోజు మేమూ వెళ్ళాం. మొదటి లారీ మీద టార్పాలిన్ కట్టారు. లోవమ్మ మా జీపు తలుపు పట్టుకుంది.

"కప్పారు, బాగానే ఉంది. మలుపు తిరిగాక ఏ కాలవ గట్టునో దింపేత్తే? మీరు చూశారా, నేను చూశానా?"

గ్రేస్ గారు ఒక్క క్షణం ఆలోచించి, "లారీ వెనకే పోనివ్వు," అంది డ్రైవరుతో. అడగకుండానే లోవమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. దారంతా ముందుకు వంగి ఆ టార్పాలిన్ అంచులనే చూసింది. లారీ టీ కోసం ఆగితే తనూ దిగి దాని పక్కన నిలబడింది. నల్ల ప్లాస్టిక్ పరిచిన గుంతలో మట్టి మొత్తం పడేదాకా రెప్ప వేయలేదు.

"ఇంకా ఉన్నాయా లారీలు?"

"రేపూ ఎల్లుండీ కూడా ఉన్నాయి."

"అయితే పిల్లలకి అన్నాలెట్టేసి వత్తాను," అంది.

తిరుగు దారిలో లోవమ్మ కాళ్ళ దగ్గర పడుకుని, జీవితంలో మొదటిసారి, నేను ఎవరినీ అనుమానించకుండా కాసేపు కునుకు తీశాను. ఆ పని చూసుకోవడానికి మనిషి దొరికింది.