సంచిలో పట్టేంత ఉక్కు

మా ఊళ్లో కత్తుల ఉక్కు అమ్మే కొట్టు ఒక్కటే ఉంది. ఆ కొట్టాయన చెప్పిందే ధర. బేరం మొదలుపెడితే ఉక్కు పట్టీ మీద చెయ్యి వేసి, కన్నబిడ్డ వీపు నిమిరినట్టు నిమురుతూ, "ఇది ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసా?" అంటాడు. తెలుసు. సరిహద్దు అవతలి పట్నం నుంచి వస్తుంది. అక్కడ సగం ధరకే దొరుకుతుందనీ తెలుసు.

నేను వంటింటి కత్తులు చేస్తాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక కొలిమి, ఒక గ్రైండరు, ఒక బల్ల. పిడులు మా ఆవిడ చేస్తుంది. పని తగ్గిపోయి, షెడ్డుకి తాళం వేసి గేట్లు వెల్డింగ్ చేసే కంపెనీలో చేరదామనుకుంటున్న రోజుల్లో పెద్ద హోటల్ వంటాయన మా గుమ్మంలోకి వచ్చాడు. కొత్త వంటశాలకి కావలసిన కత్తులన్నీ మా చేతే చేయిస్తానన్నాడు. తనకీ, తనతో ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లకీ పదును నిలిచే మామూలు ఉక్కువి కావాలి. తుడవకుండా తొట్లో పడేసే కొత్తవాళ్లకి తుప్పు పట్టని స్టెయిన్‌లెస్‌వి కావాలి. ధర మాత్రం ముందే గీత గీసినట్టు చెప్పేశాడు. ఆ ధరకి మా కొట్టాయన దగ్గర ఉక్కు కొని కత్తులు చేయడం కన్నా పడుకుని నిద్రపోవడం లాభం.

"అవతలికెళ్లి తెచ్చుకుందాం బావా," అన్నాడు మా బావమరిది. ఖర్చు తగ్గించడం వాడికో విద్య. అరిగిపోయిన సబ్బు బిళ్లని కొత్త సబ్బుకి అతికించే రకం. "లారీలో వేస్తే మిగిలిందంతా లారీవాడు మింగేస్తాడు. సంచుల్లో సర్దుకుని బస్సులో వచ్చేద్దాం."

"నా అంత పొడుగుంటాయిరా ఆ పట్టీలు. సంచిలో ఎలా పడతాయి?"

"అక్కడే ముక్కలు కోయిస్తే?"

ఎలాగూ ఇంటికొచ్చాక కోసేవే కదా. నాకెందుకు తట్టలేదా అనుకున్నాను. మా ఆవిడ తమ్ముడి వంక పరీక్ష పాసైనవాణ్ణి చూసినట్టు చూసింది.

ముగ్గురం బయల్దేరే ముందు దేవుడి ముందు నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. ఉక్కు మంచిది దొరకాలనీ, సరిహద్దు దగ్గర అబద్ధమాడే అవసరం రాకూడదనీ కోరుకున్నాను. రెండో కోరిక ఎందుకు కోరానంటే, మా బావమరిది పక్కనున్నాడు కాబట్టి.

అవతలి దుకాణం గోదాములా ఉంది. నూనె వాసన, గోడ పొడుగునా పట్టీల దొంతరలు. రెండు రకాలూ ఒకే వెడల్పు, ఒకే మందం, పైన ఒకేలాంటి నల్లటి పొర. మామూలుదానికి ఒక కొసన ఎర్రరంగు, స్టెయిన్‌లెస్‌కి ఒక కొసన నీలం రంగు పూసి ఉంది. ధర విని మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. అది సంతోషంతో గిల్లిన గిల్లుడు.

"కోసేయమంటారా? నిజంగానే?" అని రంపం దగ్గరున్నావిడ రెండుసార్లు అడిగింది.

"నిజంగానే అమ్మా," అన్నాడు మా బావమరిది హుందాగా.

ఆవిడ భుజాలెగరేసి కోసింది. ముక్కలన్నీ నేలమీద పోగుపడ్డాయి. మా బావమరిది వాటిని మూడు సంచుల్లోకి సమంగా, ఎవరి భుజమూ కుంగకుండా, చేత్తో బరువు చూసి మరీ సర్దాడు. ఎంత శ్రద్ధగా సర్దాడో చూసి నేను ముచ్చటపడ్డాను కూడా.

సరిహద్దు దగ్గర బస్సు దిగి వరసలో నిలబడ్డాం. కస్టమ్స్ బల్ల వెనక ఒకావిడ కూర్చుని ఉంది. సంచి జిప్పు లాగి, "ఏమిటివి?" అంది.

"ఉక్కండీ. కత్తులు చేయడానికి."

మా బావమరిది కళ్లు మూసుకున్నాడు.

"మామూలుదా, స్టెయిన్‌లెస్సా?"

"రెండూనండీ."

"ఏది ఏదో విడదీసి పెట్టండి. మామూలుదానికి సుంకం నామమాత్రం. రెండోదానికి ఎక్కువ."

ముక్కలు బల్లమీద పరిచాను. ఎర్రకొస ఉన్నవి ఒక పక్కకి, నీలం కొస ఉన్నవి ఇంకో పక్కకి పెట్టాను. అప్పుడు నా చేతులు ఆగిపోయాయి. రంగు పట్టీకి ఒక కొసనే కదా ఉంది! మిగతా ముక్కలన్నీ కవలపిల్లల్లా నా మొహంలోకి చూస్తున్నాయి. ఏది ఏదో తెలియకపోతే సుంకం మాట అటుంచి, కత్తే చేయలేను. ఒకదాని వేడి ఇంకోదానికి పెడితే కత్తి అలుగు పగులుతుంది, లేదా మెత్తగా మిగులుతుంది.

"ఏమైంది?" అంది ఆవిడ.

"ఏది ఏదో తెలియడం లేదమ్మా."

"తెలియకపోతే అన్నిటికీ ఎక్కువే వేయాలి."

అదే జరిగితే, మా కొట్టాయన దగ్గర కొన్నా ఒకటే. హోటల్ పనికి నీళ్లొదులుకోవాలి. మా బావమరిది నా చెవిలో, "అన్నీ మామూలువే అను బావా. ఆవిడకేం తెలుస్తుంది?" అన్నాడు.

స్వామీ, తెలియదని చెప్పినవాడికేమో ఎక్కువ, తెలుసని బొంకినవాడికేమో తక్కువ. ఇదేం లెక్క, అని మనసులోనే అడిగాను. కోపంతో కాదు, తెలుసుకుందామని. "నాకు తెలియదమ్మా," అని మళ్లీ అన్నాను.

మా బావమరిది ఊరుకుంటాడా? సెల్‌ఫోను కవరు మూతకున్న అయస్కాంతం విప్పి ఒక్కో ముక్కకీ పెట్టాడు. ప్రతిదానికీ టక్కున అంటుకుంది. "చూడండి మేడం! అన్నీ మామూలువే! స్టెయిన్‌లెస్‌కి అంటుకోదు."

"కత్తులకి వాడే స్టెయిన్‌లెస్‌కి అంటుకుంటుందిరా," అన్నాను.

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీరు ఎవరి తరఫండీ?" అని నన్నడిగింది. వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు.

"గ్రైండరుంటే నిప్పురవ్వలు చూసి ఇట్టే చెప్పేవాణ్ణమ్మా."

"ఇక్కడ నిప్పులు రాల్చనిస్తే రేపు నా ఉద్యోగం రాలుతుంది." ఆవిడ పెన్ను బల్లమీద తట్టుకుంటూ ఆలోచించింది. "మా అత్తగారి దగ్గర పాత కత్తొకటుంది. నిమ్మకాయ కోస్తే నల్లగా మచ్చ పడుతుంది. నేను కడగలేదని నా మీద పడుతుంది. అది ఏ రకం?"

"మామూలుది!" అని మేం ముగ్గురం ఒక్కసారే అరిచాం. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. రోజూ కత్తుల మధ్య బతికే మాకు ఇది తట్టలేదు. ముక్కల ఒంటి మీద నల్ల పొరున్నా, రంపం కోసిన కొసలు తాజాగా, తళతళలాడుతున్నాయి.

టీ బండి దగ్గర్నుంచి నిమ్మకాయలు తెచ్చాం. మా ఆవిడ చెక్కలు చేసి ప్రతి కొసకీ రుద్దింది. బస్సు డ్రైవరు హారను కొట్టాడు. ఎంతకీ ఎవరూ ఎక్కకపోయేసరికి తనూ దిగొచ్చి బల్ల చుట్టూ ఉన్న గుంపులో కలిశాడు.

"అదుగో, మారుతోంది!"

"అది నీ నీడయ్యా, తప్పుకో."

నెమ్మదిగా కొన్ని కొసలు బూడిదరంగుకి తిరిగి, నల్లబడ్డాయి. మిగతావి కడిగిన గిన్నెల్లా మెరుస్తూ ఉండిపోయాయి. నీలం కొసల ముక్కలూ మెరిసేవాటితోనే ఉన్నాయి కాబట్టి ఆవిడకి అనుమానం తీరింది. స్టాంపు ప్యాడు ముందుకి తోసి, "మళ్లీ కలిసిపోకముందే గుర్తు పెట్టుకోండి," అంది. మా ఆవిడ బొటనవేలు అద్ది, నల్లబడిన ప్రతిదాని మీదా వేలిముద్ర వేసింది.

దేనికి ఎంతో అంతే సుంకం కట్టాను. పని గిట్టుబాటవుతుంది. సంచి భుజానికెత్తుకుంటూ, "మీ అత్తగారితో చెప్పండమ్మా, తప్పు మీది కాదు, ఉక్కుది అని," అన్నాను.

"నేను చెప్తే నమ్ముతుందా? మీరే వచ్చి చెప్పండి," అంది ఆవిడ, వెనకవాళ్లని రమ్మని చెయ్యూపుతూ.

ఇంటికొచ్చాక వేలిముద్ర ఉన్న ముక్క ఒకటి తీసుకుని వంటాయన కత్తి మొదలుపెట్టాను. ఆకారానికి తెచ్చి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, చల్లారాక దాని మీద ఆకురాయి లాగాను. రాయి పట్టు దొరక్క జర్రున జారిపోయింది. ఉక్కు గట్టిపడింది. దేవుణ్ణి అడిగిన దానికి జవాబు రాలేదు. ఆ బల్ల దగ్గర నేను బొంకి ఉంటే ఈ ముక్క ఏ రకమో నాకింకా తెలిసేది కాదని మాత్రం అర్థమైంది. అదే జవాబేమో, నాకంత చదువు లేదు.

పదునుపెట్టి పిడి బిగించాక వంటాయన వచ్చి, కత్తి అందుకుని, టమాటా మీద ఆనించి ఊరికే లాగాడు. రేకలాంటి ముక్క ఊడి బల్లమీద పడింది. ఇంకోటి కోశాడు. ఇంకోటి. ఆపడేమో అనిపించింది.

"మిగతావి ఎప్పుడిస్తావు?" అన్నాడు, కత్తిని తువ్వాల్లో చుట్టుకుంటూ. "తొందరగా కానియ్యి. మావాళ్లు దీన్ని చూస్తే అరువడుగుతారు. నేనివ్వను."

నేను నోరు తెరిచేలోపే మా బావమరిది, "ఇచ్చేస్తాడు సార్, షెడ్డులోనే పడుకుంటాడు," అన్నాడు. వెనక నుంచి గ్రైండరు మోత వినిపించింది. మా ఆవిడ అప్పటికే రెండో కత్తి పిడికి చెక్క అరగదీస్తోంది.