గెలవకూడని ఆట

మా అక్క చిత్రకారిణి. నేను టేబుల్ టెన్నిస్ కోచ్‌ని. చిన్నప్పటి నుంచీ అక్క నా మీద ఒక్క పాయింటు కూడా గెలవలేదు, పాపం. జాలిపడి ఒకటి వదిలేద్దామన్నా నా చెయ్యి ఒప్పుకునేది కాదు. అలాంటి మనిషి, యాభై ఏళ్లు దాటాక, ఆటతోనే బొమ్మ వేస్తానని బయల్దేరింది.

బల్లంతా తెల్ల కాగితం పరిచి, దాని మీద కార్బన్ కాగితాలు బిగించింది. బంతి పడ్డ ప్రతిచోటా అడుగున ఒక చుక్క. మధ్యలో ఆగకుండా మూడు వందల దెబ్బలు ఆడితే బొమ్మ నిండుతుంది. నిండితేనే గోడకెక్కిస్తానని గ్యాలరీ యజమాని తెగేసి చెప్పాడు. అక్కకి అది మొదటి ప్రదర్శన.

చిక్కంతా నాతోనే. బంతి కాస్త పైకి లేస్తే చాలు, నాకు చెయ్యి దురదపెడుతుంది. వారం రోజుల సాధనలో నలభై దాటలేదు.

"గెలవకే తల్లీ, ఊరికే ఆడు," అని అక్క నెత్తీ నోరూ కొట్టుకుంది. ముప్పై ఏళ్లుగా పిల్లలకి సరిగ్గా దానికి వ్యతిరేకం నేర్పుతున్నదాన్ని, నాకు ఒళ్లు మండదూ?

ప్రదర్శన రోజు పళ్ల బిగువున ఆడాను. చుట్టూ జనం లెక్కపెడుతున్నారు. వంద దాటేసరికి నాకు నవ్వాగలేదు. రెండు వందలకి అక్కకీ అంటుకుంది. దాని జుట్టుముడి ఊడిపోయింది, నా కళ్లజోడు జారిపోతోంది, ఇద్దరం పకపకా నవ్వుతూనే కొడుతున్నాం. రెండు వందల తొంభై దాటాం. ఆ నవ్వులో నా పట్టు సడలి బంతి పైకి లేచింది. తీరిగ్గా, ముద్దొచ్చేలా, అక్క ముందు దిగింది.

అక్క కళ్లు చూశాను. వద్దు అనేలోపే బాదేసింది. బంతి నా వైపు మూలన తగిలి, చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

హాలంతా నోరెళ్లబెట్టింది. అక్క మాత్రం బ్యాటు నెత్తిన పెట్టుకుని బల్ల చుట్టూ గెంతుతోంది.

"గెలిచానే," అంది. కోపం రావాల్సింది పోయి, నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

కార్బన్ తీస్తే, కాగితమంతా చినుకుల్లా సన్నటి చుక్కలు. నా వైపు మూలన ఒక్కటే, చొక్కా బొత్తాం అంత నల్లటి మచ్చ. యజమాని చాలాసేపు చూశాడు. లెక్క సంగతి ఎత్తకుండా, బొమ్మ పేరేమిటని అడిగి, మేకు తెమ్మన్నాడు.

"ఒకటి – సున్నా," అంది అక్క.

రోజూ వెళ్లి ఆ మచ్చ ముందు నిలబడుతున్నాను. ఇంకో ఆట ఆడదామంటే, వేసిన బొమ్మ మళ్లీ వెయ్యనంటోంది. అసలు ఆ బంతిని నేను తిప్పికొట్టగలిగేదాన్నే.